చెడిన ఫోటోలు, చక్కబడిన ఆల్బమ్

పుస్తకాలకు సమీక్షలు రాస్తారు. సినిమాలకు రాస్తారు. సంగీత కచేరీ అయిన మర్నాడు ఫలానా రాగాలాపన పేలవంగా వుందని కూడా రాస్తారు. మన ఇళ్లల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు తిరగేసే పుస్తకం పెళ్లి ఆల్బమ్. నాకు తెలిసినంతలో దానికి మాత్రం ఎవరూ సమీక్ష రాసిన పాపాన పోలేదు. ఇంటికి వచ్చినవాళ్లకు కాఫీతోపాటు అదీ చేతికిస్తాం. వాళ్లు పేజీలు తిప్పుతూ "చీర బావుంది", "ఈయన మీ వియ్యంకుడుగారా?" అని రెండు మాటలని గ్లాసు కిందపెట్టేస్తారు. విమర్శ అంతటితో సరి!

నేనివాళ అలాంటి ఆల్బమ్ ఒకదాన్ని సమీక్షించదలచుకున్నాను. అది మా మేనకోడలి పెళ్లిది. మేనకోడలి పెళ్లి గనుక మెచ్చుకుని వదిలేస్తాననుకోకండి. దీన్ని ఎంచుకోవడానికి వేరే కారణం వుంది. ఇందులో వున్న నలభై ఫోటోలలో, తీసినప్పుడు సరిగ్గా వచ్చింది ఒక్కటీ లేదు.

ఆ కథ క్లుప్తంగా చెప్తాను. ముహూర్తం తెల్లవారుజామున మూడుంబావుకి. కుదుర్చుకున్న ఫోటోగ్రాఫరు సాయంత్రం ఎదురుకోళ్ల దాకా వుండి, మరో పెళ్లికి మాటిచ్చానంటూ, కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాడి మెడలో కెమెరా వేసి జారుకున్నాడు. ఆ పిల్లవాడికి నిద్ర ఒక పక్క, మా పెద్దవాళ్ల గదమాయింపులు ఒక పక్క. "ఇటు తియ్యి, అటు తియ్యి, పురోహితుడికి అడ్డం రాకు" అని తలా ఒక మాటా అంటూంటే, పాపం, తొమ్మిదివందల ఫోటోలు తీశాడు. రెండు వారాల తర్వాత కంప్యూటర్లో పెట్టి చూస్తే సగం చీకటి, పావువంతు వణుకు. మిగిలినవాటిలో కల్యాణమంటపం ఒక పక్కకు ఒరిగిపోయి, పడవలో పెళ్లి చేసినట్టుంది. మా వదిన చూస్తూ చూస్తూ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. "భోజనాలు బాగాలేకపోతే నాలుగు రోజులు చెప్పుకుని మర్చిపోతారు. ఇది జన్మంతా వుండేది కదా" అంది అక్కణ్నుంచే.

మా మేనకోడలితో కలిసి చదువుకున్న అమ్మాయి ఒకతె వుంది. ఆ పిల్లకు ఫోటోలు దిద్దడమంటే పిచ్చి. "అన్నీ నాకివ్వండి ఆంటీ, ఏమైనా చెయ్యొచ్చేమో చూస్తాను" అని పట్టుకుపోయింది. నెలన్నర తర్వాత నలభై ఫోటోల ఆల్బమ్ తెచ్చి మా వదిన చేతిలో పెట్టింది. ఆ ఆల్బమే ఇప్పుడు నా ముందుంది.

దిద్దిన ఫోటో అనగానే "అదంతా మోసమండీ" అనేవాళ్లున్నారు. వాళ్లకొక్క మాట. దిద్దుబాటు కంప్యూటర్లతో పుట్టింది కాదు. ఫిల్ము రోజుల్లో స్టూడియోవాళ్లు నెగెటివ్‌ని కింది నుంచి వెలుగు వచ్చే వాలుబల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో ముఖం మీది మచ్చలూ ముడతలూ పూడ్చేవారు. ప్రింటు మీద తెల్లచుక్కలు పడితే సన్నటి కుంచెతో అద్దేవారు. చీకటిగదిలో కాగితం మీదికి వెలుగు వేసేటప్పుడు, ముఖం మరీ నల్లబడకుండా తీగకు గుచ్చిన అట్టముక్కను అడ్డంగా ఆడించేవారు. తెల్లచీర మరీ తెల్లగా వస్తూంటే, మిగతా అంతా అరచేతులతో కప్పి, వేళ్ల సందునుంచి చీర మీదికి మాత్రం మరికాస్త వెలుగు పోనిచ్చేవారు. 1990లో అమెరికాలో నోల్ అన్నదమ్ములు తయారుచేసిన ఫోటోషాప్ బయటికి వచ్చింది. అందులో 'డాడ్జ్', 'బర్న్' అనే పనిముట్లకు పేర్లు పెట్టింది ఈ చీకటిగది పనుల్నిబట్టే. మన అమ్మమ్మల పెళ్లి ఫోటోల్లో కూడా ఎవరిదో ఒకరి పెన్సిలు తిరిగే వుంటుంది.

కాబట్టి దిద్దారా లేదా అని అడగడం దండగ. ఏది దిద్దారు, ఎందుకు దిద్దారు, ఎక్కడ ఆగారు అని అడగాలి. నేను ఆల్బమ్ తిప్పింది ఆ మూడు ప్రశ్నలూ మనసులో పెట్టుకునే.

మొదటిది మధుపర్కాల ఫోటో. ఎర్రంచు తెల్లబట్టల్లో పిల్లా, పిల్లవాడూ పీటల మీద కూర్చున్నారు. తీసినప్పుడు ఇందులో ముఖాలే లేవు. రెండు మాసిన బట్టల మూటల మీద రెండు నల్లకుండలు బోర్లించినట్టుండేది. ఇందులో కుర్రవాడికంటే కెమెరాదే ఎక్కువ తప్పు. ఎదురుగా వున్న దృశ్యమంతా కలిపి సగటున ఒక నడిమిరకం బూడిదరంగు అనుకుని అది వెలుగు కొలుస్తుంది. ఎదుట తెల్లబట్ట ఎక్కువగా కనిపిస్తే "అబ్బో, ఎంత వెలుగో!" అని భ్రమపడి ఫోటోను చీకటి చేస్తుంది. తెల్లబట్ట బూడిదవుతుంది, ముఖం మసవుతుంది. అనుభవమున్నవాడైతే ఇలాంటిచోట కెమెరా మాట వినకుండా తనే వెలుగు పెంచుకుంటాడు.

మా అదృష్టం కొద్దీ ఆ కెమెరా 'రా' పద్ధతిలో వుంది. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే వుంటాయి. పద్నాలుగు బిట్ల రా ఫైల్లో 16,384 మెట్లు. అంచేత కంటికి కటికచీకటిగా కనిపించేచోట కూడా, పులుసు అడుగున ముక్కల్లాగా, ఎంతోకొంత దాగి వుంటుంది. గరిటె తిప్పడం తెలిసినవాళ్లు పైకి తియ్యగలరు. కాస్త గరుకుదనం కూడా దాంతోపాటు వస్తుంది, అంతే. వెలుగు ఎక్కువై పూర్తిగా తెల్లబారిపోయినచోట మాత్రం ఎంత తవ్వినా ఏమీ దొరకదు. కూరలో ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం కదా! అలాంటిదే ఇదీనూ.

ఆ అమ్మాయి చీకట్లోంచి ముఖాల్ని పైకి తెచ్చింది. అంతవరకూ శభాష్. కానీ తేవలసినదానికంటే రెండు మెట్లు ఎక్కువ తెచ్చింది. మా పిల్లది చామనచాయ. ఫోటోలో దబ్బపండులా వుంది! ముఖం ఒక రంగు, ఒళ్లో పెట్టుకున్న చేతులు ఇంకో రంగు. దిద్దిన ఫోటోలో నిజం తేల్చుకోవాలంటే ముఖం చూడకండి, చేతులు చూడండి. చేతులు దిద్దడం చాలామంది మర్చిపోతారు.

ఇది ఆ పిల్ల ఒక్కదాని తప్పు కాదు. పెళ్లిచూపులకు ముందు పంపే ఫోటో తీయించేటప్పుడు "కాస్త ఫెయిరుగా రానివ్వండి" అని స్టూడియో ఆయన చెవిలో వెయ్యని తల్లి ఎక్కడోగాని వుండేది కాదు. నాకూ అలాగే తీయించారు. ఆ ఫోటో చూసుకుని వచ్చిన పెళ్లివారు, నేను ఎదురుగా చాప మీద కూర్చునే వుండగా, "అమ్మాయి ఇంకా ముస్తాబవుతోందా అండీ?" అని అడిగారు. అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు వెనక ఏముందో మీలో కొందరికి నేను వేరే చెప్పక్కర్లేదు. అందుకే మా మేనకోడలు ఈ ఫోటో చూసి "ఎవరత్తా ఈవిడ?" అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. చీకటి కెమెరా తప్పు. చామనచాయ ఎవరి తప్పూ కాదు. మొదటిదాన్ని దిద్దబోయి రెండోదాన్నీ దిద్దేసింది.

రెండోది జీలకర్ర బెల్లం ఫోటో. ఇది ఈ ఆల్బమ్‌లో చాలా సాహసమైన దిద్దుబాటు. అడ్డుతెర అప్పుడే తొలగింది. ఒకరి తల మీద ఒకరి చెయ్యి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. దృశ్యం ఇంత బాగుందా, వెలుగు చూస్తే నానా గందరగోళం. మంటపం అలంకరణకు పెట్టిన నీలం, గులాబీ దీపాలు పై నుంచి, వీడియో వాళ్ల పసుపు లైటు పక్కనుంచి, గోడ మీది ట్యూబులైట్లు వెనకనుంచి. ఒక్కొక్క దీపానిది ఒక్కొక్క రంగు. ఆ రంగును కెల్విన్లలో కొలుస్తారు. పసుపుపచ్చని బల్బు సుమారు 3,000 అయితే మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500. కెమెరా ఏదో ఒకదాన్ని తెలుపనుకుని మిగతావాటిని దానికి సర్దగలదు గాని, నాలుగింటినీ ఒకేసారి సర్దలేదు. అందువల్ల పెళ్లికూతురు ముఖం ఎడమపక్క నీలం, కుడిపక్క నారింజ. వీధి నాటకంలో వేషంలా వుంది.

ఆ అమ్మాయి రంగంతా తీసేసి నలుపు తెలుపు చేసేసింది. మా అమ్మ చూసి గుండెలు బాదుకున్నంత పని చేసింది. "పసుపు కుంకుమల పెళ్లిని ఇలా చేస్తారుటే? అశుభం" అంది. అమ్మ మాటను తీసిపారెయ్యను. అయినా నేను ఆ అమ్మాయి పక్షమే. ఆ ఫోటోలో వున్న రంగులు పెళ్లివి కావు, కాంట్రాక్టరు దీపాలవి. వాటిని తీసేశాక మిగిలినవి రెండు జతల కళ్లు. ఆ క్షణానికి కావలసింది కూడా ఆ చూపే. కంటికి అడ్డం వచ్చినదాన్ని తప్పించి, అసలుదాన్ని చూపించడమే దిద్దుబాటు అయితే, ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. అన్నట్టు మా అమ్మ పెళ్లి ఫోటోలన్నీ నలుపు తెలుపే. ఆ మాట ఆవిడకు నేను గుర్తుచెయ్యలేదు, ఇంట్లో ప్రశాంతత ముఖ్యం.

అయితే ఒకసారి పండిన ఉపాయాన్ని పదిసార్లు వాడడం కవులకే కాదు, ఈ అమ్మాయికీ వున్న బలహీనత. గౌరీపూజ ఫోటోను కూడా నలుపు తెలుపు చేసింది. అక్కడ రంగుల బెడద లేదు. కాస్త గరుకుగా వుంది, నలుపు తెలుపులో గరుకుదనం అంతగా కనబడదు గనుక అలా చేసింది. దాంతో పసుపుముద్దతో చేసిన గౌరమ్మ బూడిదముద్ద అయి కూర్చుంది. అక్కడ పసుపే విషయం, దాన్నే తీసేస్తే ఇంకేముంది? ఈ ఫోటో విషయంలో మాత్రం మా అమ్మే గెలిచింది.

మూడోది తలంబ్రాలు. ఇది వణికిన ఫోటో. వణుకు రెండు రకాలు. తీసేవాడి చెయ్యి కదిలితే ఫోటో మొత్తం అలుక్కుపోతుంది. ఎదుటివాళ్లు కదిలితే కదిలినంత మేరే అలుక్కుపోతుంది. ఇందులో రెండోది జరిగింది. పెళ్లికొడుకు చేతులు పొగలా వున్నాయి, గింజలు గింజల్లా లేవు, వాన ధారల్లా వున్నాయి. పిల్ల మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, మెడ లోపలికి లాక్కుని, పగలబడి నవ్వుతూ ఒక్క క్షణం కదలకుండా వుండిపోయింది. ఆ ముఖమొక్కటి ఓ మోస్తరు స్పష్టంగా వచ్చింది. ఆ అమ్మాయి దీన్ని పదును పెట్టబోలేదు. చుట్టూ వున్న కుర్చీలూ, ఒక మామగారి వీపూ కత్తిరించి, అంచులు కాస్త నల్లబరిచి, వణుకును వణుకులాగే వుంచేసింది. ఇప్పుడది చూస్తే బియ్యం జారే చప్పుడు వినిపిస్తుంది.

మసకగా వున్న ఫోటో చెడిపోయినట్టే అనుకోవడం పాత అలవాటు. ఆ అలవాటుతో పోట్లాడినావిడ ఒకరున్నారు. జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో మన కలకత్తాలో పుట్టింది. 1863 చివర్లో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఇంగ్లండులో వుండగా కూతురూ అల్లుడూ ఆమెకు కెమెరా కానుకగా ఇచ్చారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఊసుపోకకు వుంటుందని. ఆవిడ దాన్ని ఊసుపోకగా తీసుకోలేదు. బంధువుల్నీ, పనిపిల్లల్నీ, గొప్ప గొప్ప కవుల్నీ కూర్చోబెట్టి ముఖాలు మసకమసకగా తీసింది. నెగెటివ్‌ల మీద గీతలూ మరకలూ వున్నా దాచలేదు. ఫోటోగ్రఫీ పెద్దలు "ఈవిడకు పని రాదు" అని పత్రికల్లో ఎగతాళి చేశారు. ఆ ఫోటోల్నే 1865లో లండన్లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం కొనుక్కుంది. నలభై ఎనిమిదేళ్లకు మొదలుపెట్టిన ఆడమనిషి తప్పులు తప్పులు కావని తేలడానికి అట్టే కాలం పట్టలేదన్నమాట! మన పెళ్లి కుర్రవాడు కామెరాన్ అని నేననడం లేదు. అతని తప్పులో కూడా ఒక మంచి దాగి వుండొచ్చని చూడగలిగిన కన్ను ఆ అమ్మాయిదని అంటున్నాను.

మసక ముఖాలకు ఇప్పుడు కొత్త మందొకటి వచ్చింది, కృత్రిమ మేధ. కుటుంబమంతా నిలబడిన ఫోటోలో వెనక వరుసలో వున్న మా నాన్న ముఖం గోరంత, అదీ అలికినట్టుంది. ఆ అమ్మాయి కంప్యూటరుకు అప్పజెప్పింది. క్షణంలో నాన్న ముఖం కనురెప్పల వెంట్రుకలతో సహా తళతళలాడుతూ వచ్చింది. తీరా చూస్తే అది నాన్న కాదు! ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ లేదు. పెదవి చివర ఎప్పుడూ వుండే వంకర లేదు. ఎవరో పెద్దమనిషి నాన్న చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డట్టుంది. లేని వివరాన్ని యంత్రం వెలికి తియ్యలేదు, వేరే వేల ముఖాలు చూసిన అలవాటుకొద్దీ ఊహించి గీస్తుంది. ఆ అమ్మాయి అది గమనించి మళ్లీ మసక తాతగారినే పెట్టింది. ఇది ఆల్బమ్‌లో కనిపించని దిద్దుబాటు గనుక ప్రత్యేకంగా చెప్తున్నాను. మానుకున్న పని కూడా పనే.

నాలుగోది అప్పగింతలు. ఇక్కడ నాకూ ఆ అమ్మాయికీ గట్టి పేచీ వచ్చింది. పళ్లెంలో పాలు, పాలల్లో ముంచిన పిల్ల చెయ్యి, ఆ చేతిని పట్టుకుని అత్తగారి చేతిలో పెడుతున్న మా వదిన. అసలు ఫోటోలో వదిన కళ్లు మూసుకుని వున్నాయి. ఆ అమ్మాయి అంతకుముందు తీసిన ఇంకో ఫోటోలోంచి వదిన కళ్లు తెచ్చి ఇక్కడ అతికించింది. అతుకు కనిపించదు, పనితనానికి నూటికి నూరు మార్కులు. చక్కగా కళ్లు తెరిచి, బ్యాంకులో సంతకం పెడుతున్నట్టు, మా వదిన కూతుర్ని అప్పగించేస్తోంది!

అతుకు వెయ్యడం తప్పని కాదు. ముప్ఫైమంది నిలబడ్డ గ్రూపు ఫోటోలో ఎవరో ఒకరు రెప్పవెయ్యక మానరు. పక్క ఫోటోలోంచి కళ్లు తెచ్చి పెడితే ఎవరి కొంపా మునగదు. నూట అరవై ఏళ్ల కిందటే ఈ విద్య వుంది. 1858లో హెన్రీ పీచ్ రాబిన్సన్ అనే ఇంగ్లీషాయన ఐదు నెగెటివ్‌లు కలిపి ఒక ఫోటో తయారుచేశాడు. చావుబతుకుల్లో వున్న ఆడపిల్ల, పక్కన ఇంట్లోవాళ్లు, కిటికీలోంచి బయటికి చూస్తూ వెనక్కి తిరిగి నిలబడ్డ మగమనిషి. నటులతో తీసిందే అయినా, ఇంత దుఃఖాన్ని ఫోటో తియ్యడమేమిటని చూసినవాళ్లు కొందరు బాధపడ్డారు. ఆయన ఐదు ముక్కలు అతికింది దుఃఖాన్ని చూపించడానికి. మా అమ్మాయి రెండు కళ్లు అతికి వున్న దుఃఖాన్ని తుడిచేసింది.

"కళ్లు మూసుకుపోయాయి కదా ఆంటీ, అది బ్లింక్ కదా" అంది ఆ పిల్ల. మూసుకుపోవడం వేరు, మూసుకోవడం వేరు. ఆ తేడా చెప్పడానికి కంప్యూటరు చాలదు, ఆ చోట వుండి వుండాలి, లేకపోతే వున్నవాళ్లను అడగాలి. మా వదినను పిలిచి అడిగాను. "ఆ చెయ్యి వదలాల్సి వచ్చినప్పుడు చూడలేక మూసుకున్నాను" అంది. ఆ అమ్మాయి ఇంకేమీ అనలేదు. మర్నాడు పాత కళ్లు పాతచోటికి వచ్చాయి.

ఇక ఐదో ఫోటో. సమీక్ష రాయాలనిపించింది దీనివల్లే.

రాజా దీనదయాళ్ పేరు మీరు వినే వుంటారు, నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన 1892లో హైదరాబాదులో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాళ్ల కంటబడకుండా ఫోటో తీయించుకునేందుకు, ఒక ఇంగ్లీషు వనిత ఆధ్వర్యంలో నడిపించాడు. అప్పట్లో ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడానికి గోడలు కట్టాల్సివచ్చింది. ఇప్పుడా గోడలు లేవు, చేతిచేతికీ కెమెరా వుంది. అయినా మన పెళ్లిళ్లలో గోడ పక్కనే నిలబడిపోయే ఆడవాళ్లు ఇంకా వున్నారు.

ఫోటో మాంగల్యధారణది. పడవ ఒరిగినట్టు వున్నదాన్ని ఆ అమ్మాయి నిటారుగా తిప్పింది. తిప్పితే నాలుగు మూలలూ ఖాళీ పడతాయి గనుక అంచులు కత్తిరించక తప్పదు. కత్తిరించింది. స్తంభాలు నిటారుగా నిలబడ్డాయి, వధూవరులు సరిగ్గా మధ్యకు వచ్చారు, పై నుంచి అక్షింతలు పడుతున్నాయి. కేలండరు మీద వేసుకోవచ్చు. అందరం బావుందన్నాం. మా మేనకోడలు మాత్రం ఆ పేజీ దగ్గర ఆగిపోయి "ఇందులో పెద్దమ్మ వుండాలే" అంది.

ఆ పెద్దమ్మ మా వదినకు స్వయానా అక్కగారు. పిల్ల ఐదేళ్లపాటు ఆవిడ ఇంట్లో వుండి చదువుకుంది. జడలు వేసిందీ, ఎక్కాలు చెప్పిందీ, జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుందీ ఆవిడే. ఎనిమిదేళ్ల కిందట ఆయన పోయారు. పెళ్లికి వారం ముందే వచ్చి పప్పులు బాగుచేయించింది, అరిసెలు వండించింది, సారె సర్దింది. ముహూర్తం వేళకు మంటపంలో లేదు. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ గట్టిగా అనలేదు. నేను అక్కడే వున్నాను. నేనూ అనలేదు.

అసలు ఫోటో తెరిచి చూశాం. ఎడమ చివర, వంటశాల వైపు గుమ్మం. గుమ్మానికి ఆనుకుని ఆవిడ. సగం ముఖమే వుంది, అదీ మసక. చెయ్యి పైకెత్తి వుంది, పిడికిలి అప్పుడే విచ్చుకుంది. అక్కణ్నుంచే అక్షింతలు వేసింది! అవి మంటపం దాకా రాలేదు, మధ్యలో జంపఖానా మీద పడ్డాయి. మా పిల్ల పీటల మీద తల వంచుకుని వుండి కూడా అది చూసింది. మేం నిలబడి వుండీ చూడలేదు. తొమ్మిదివందల ఫోటోలూ మళ్లీ మొదటినుంచి వెతికాం. పెద్దమ్మ వున్నది ఆ ఒక్కదాంట్లోనే.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "నాకు తెలియదు ఆంటీ, ఎవరో అంచున వున్నారు, కాంపొజిషన్ పాడవుతోందని..." అంది. దాని తప్పేముంది? మేం అంచున నిలబెట్టాం, అది అంచు కత్తిరించింది. దాని కత్తెరకంటే ముందే మా కత్తెర పడింది.

ఎలా దిద్దాలని చాలాసేపు ఆలోచించాం. ఖాళీ పడ్డ మూలల్ని కంప్యూటరుతో పూడ్చి నిటారుగా చెయ్యొచ్చంది. పెద్దమ్మను అక్కణ్నుంచి తీసి పెళ్లికూతురు వెనక నిలబెట్టొచ్చని కూడా అంది, మంచిమనసుతోనే. "వద్దు, ఆవిడ అక్కడ నిలబడలేదు. నిలబడినట్టు చూపిస్తే మనం పిలిచినట్టవుతుంది" అంది మా మేనకోడలు. నాకు నోట మాట రాలేదు. చివరికి ఫోటోను వున్నదున్నట్టు, ఒరిగింది ఒరిగినట్టుగానే అచ్చువేయించారు. ఆ అమ్మాయి చేసిందల్లా ఒకటే. గుమ్మం దగ్గరి చీకటిని ఒక్క పిసరు, ముఖం గుర్తుపట్టేంత మేర మాత్రం, పైకి తెచ్చింది. స్తంభాలు వంకరగా వున్నాయి, వధూవరులు మధ్యలో లేరు, కేలండరుకు పనికిరాదు. ఆల్బమ్ మొత్తంలో ఇదే ఉత్తమమైన ఫోటో అని విమర్శకురాలిగా నా తీర్పు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి చెడిన ఫోటోలు వుండే వుంటాయి. పారెయ్యకండి. దిద్దించుకోండి, కానీ రెండు మూడు జాగ్రత్తలు. అసలు ఫోటోలు విడిగా ఒకచోట భద్రపరచండి. దిద్దిన దాన్ని వాటి మీదే ఎక్కించనివ్వకండి. మేం అలా చెయ్యబట్టే పెద్దమ్మ దొరికింది. దిద్దేవాళ్లకు ఫోటోలు అప్పజెప్పి ఊరుకోకుండా, ఓ గంట పక్కన కూర్చుని ఎవరు ఎవరో చెప్పండి. అంచుల్లో వున్నవాళ్ల గురించి ముందు చెప్పండి. వెలుగు తక్కువైతే పెంచమనండి, వంకర వుంటే తిప్పమనండి, వీడియో లైటు రంగు పడితే తీసెయ్యమనండి. అవన్నీ యంత్రం చేసిన తప్పులు. ఒంటి రంగూ, ముడతలూ, ఏడుపు కళ్లూ, గుమ్మం పక్కన మనిషీ ఆ జాబితాలోకి రారు. వాళ్ల విషయంలో దిద్దుకోవలసినదేమైనా వుంటే అది వచ్చే పెళ్లిలో, మనమే.

మొన్న ఆదివారం మా వదిన ఇంటికి ఎవరో వచ్చారు. మామూలే, కాఫీ, ఆల్బమ్. ఒరిగిన ఫోటో దగ్గర ఆవిడ ఆగి, "ఇదేమిటండీ, ఇలా వంకరగా వచ్చింది? దిద్దించలేదా?" అంది. ఆ వెంటనే కళ్లజోడు సర్దుకుని, "ఈ గుమ్మం దగ్గరున్నావిడ ఎవరు?" అని అడిగింది.

"మా అక్క. పిల్లను పెంచింది ఆవిడే" అంది వదిన. మధ్యలో ఆగి, తనే మళ్లీ, "ఇవాళ భోజనానికి వస్తోంది, వుండండి, పరిచయం చేస్తాను" అంది.